కర్నూలులో ప్రొపెల్లర్ షాఫ్ట్ పని: లేత్ మీద నమ్మకం, టేపు మీద అనుమానం

పాత నాలుగు గేర్ల జీపులో అయిదు గేర్ల బాక్సు ఎక్కించడం కర్నూలు, నంద్యాల వైపు కొత్త పనేం కాదు. బాక్సు దొరుకుతుంది, దానికి తగ్గ క్లచ్ ప్లేటు దొరుకుతుంది, క్రాస్ మెంబర్ (చాసిస్ అడ్డ దూలం) కోసి కొత్త మౌంటింగ్ కొట్టే వెల్డరూ దొరుకుతాడు. అన్నీ అయి, రేపు బండి తీసుకెళ్ళాలి అనగా "షాఫ్ట్ ఒక్కటే కదన్నా, లేత్‌లో ఇచ్చి కోయిస్తే అయిపాయె" అంటారు. ఎనభై దాటితే సీటు కింద గుయ్యిమనే బండ్లలో చాలా వాటి రోగం ఆ మాట దగ్గరే మొదలవుతుంది.

ఈ రివ్యూ ఆ ఒక్క పనికే: గేర్‌బాక్స్ తిప్పుడును ఇరుసుకు చేర్చే గొట్టం, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్, కోసి కూర్చడం. ఊళ్ళో లేత్ షెడ్లు, లారీ జాయింట్ షాఫ్టులు చేసే షాపులు కార్లు, జీపుల షాఫ్టును ఎలా చేస్తున్నాయి, ఏ దశలో వాళ్ళకు వదిలేయొచ్చు, ఏ దశలో పక్కనే నిలబడాలి అన్నది రాస్తున్నాం. షాపుల పేర్లు పెట్టడం లేదు. ఒకే షెడ్డులో టర్నర్ మారితే పని మారిపోతుంది, బోర్డు మాత్రం అదే ఉంటుంది.

మార్కులు ముందే చెప్పేస్తాం. లేత్ పనికి అయిదుకు నాలుగున్నర. వెల్డింగుకు మూడున్నర. విడిభాగాలకు నాలుగు. కొలతకు రెండు. బ్యాలెన్సింగుకు మాత్రం ఒక అంకె వేయలేం, యంత్రాన్ని బట్టి, దాని ముందు నిలబడే మనిషిని బట్టి సున్నా నుంచి నాలుగు దాకా ఉంది.

కొలత

రెండే మార్కులు ఎందుకంటే, బండి జాకీ మీద ఉండగానే టేపు పెడతారు. చాసిస్‌ను లేపితే వెనక హౌసింగ్ (వెనక ఇరుసు ఉండే పెట్టె) కిందికి వేలాడుతుంది, షాఫ్ట్ వాలు మారుతుంది, దాంతోపాటు దూరమూ మారుతుంది. ఆ దూరానికి కోసిన షాఫ్ట్ చక్రాలు నేలకు ఆనగానే తప్పు కొలత అవుతుంది. నాలుగు చక్రాలూ నేల మీద ఉండాలి, లేదంటే హౌసింగ్ కింద స్టాండ్లు పెట్టి బండి బరువంతా కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) మీద ఉండేలా చూడాలి. గేర్‌బాక్స్ కొత్త రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని, బోల్టులు పూర్తిగా బిగిసి ఉండాలి. "మౌంటింగ్ తర్వాత సూద్దాం లే" అని తాడుతో కట్టిన బాక్సు మీద తీసిన కొలతతో గొట్టం కోయనివ్వొద్దు.

రెండు చివర్లా ఫ్లాంజులు (బోల్టులతో బిగించే చదును పళ్ళేలు) ఉండి, జారే స్ప్లైన్ (ఒకదానిలో ఒకటి జారే పళ్ళ గాడుల జత) షాఫ్ట్ మధ్యలో ఉంటే ఫ్లాంజ్ ముఖం నుంచి ఫ్లాంజ్ ముఖానికి కొలవాలి. బాక్సులోకి దూరే స్లిప్ యోక్ (యోక్ అంటే షాఫ్ట్ చివర రెండు చెవులుండే ముక్క) అయితే బాక్సు వెనక ఆయిల్ సీల్ అంచు నుంచి పినియన్ (హౌసింగులో షాఫ్ట్ తిప్పే చిన్న గేరు) వైపు క్రాస్ (రెండు యోకులను కలిపే ప్లస్ ఆకారపు ముక్క) మధ్యరేఖ దాకా. యోకును లోపలికి ఆగేదాకా తోసి, అక్కడి నుంచి 20 నుంచి 25 మి.మీ. వెనక్కి లాగి సీల్ దగ్గర గుర్తు గీయండి. బండి నడిచేటప్పుడు యోక్ ఉండాల్సిన చోటు అది. ఆ ఖాళీ వదలకుండా కోస్తే గుంతలో పడ్డప్పుడు యోక్ పోయి బాక్సు వెనక బేరింగును గుద్దుతుంది. ఖాళీ మరీ ఎక్కువైతే స్ప్లైన్ పట్టు తగ్గి యోక్ ఊగుతుంది. మొదట సీల్ కారుతుంది, తర్వాత బుష్ అరుగుతుంది. స్ప్లైన్ వ్యాసం ఎంతో కనీసం అంత పొడవు ఎప్పుడూ లోపల ఉండాలన్నది మేస్త్రీల లెక్క. చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడు కూడా అది నిలవాలి.

కాబట్టి ఒక కొలత చాలదు, మూడు కావాలి: ఖాళీ బండి, బరువెక్కిన బండి, చక్రాలు వేలాడే బండి. బరువంటే ఇద్దరు కుర్రాళ్ళు వెనక ఎక్కి ఎగరడం కాదు. ఆరేడు ఎర్రగడ్డల మూటలు వేయండి, కట్టలు చదునవుతాయి. ముందు కన్ను చాసిస్‌కు, వెనక కన్ను ఊగే లింకు అయిన షాకిల్‌కు ఉన్న కట్ట చదునయ్యే కొద్దీ హౌసింగును కాస్త వెనక్కి తోస్తుంది. అదే సమయంలో షాఫ్ట్ వాలు తగ్గి బాక్సుకూ పినియన్‌కూ మధ్య దూరం కుదించుకుపోతుంది. ఏది ఎక్కువన్నది బండిని బట్టి. ఊహతో తేలదు, టేపుతోనే తేలుతుంది.

ఇక కోత లెక్క. పాత బాక్సుతో ఫ్లాంజుల మధ్య 1,180 మి.మీ., కొత్త బాక్సుతో 1,115 మి.మీ. అనుకుందాం. తేడా 65. అంతే కోయమని చెప్పేస్తారు చాలామంది. కానీ కొత్త బాక్సు ఫ్లాంజుకు పాత యోక్ కూర్చోదు, అందుకని కొత్త బాక్సు తాలూకు యోకును తెచ్చి మన గొట్టానికి అతికిస్తారు. పాత యోక్ వెల్డ్ అంచు నుంచి క్రాస్ మధ్య దాకా 62 మి.మీ., కొత్తది 74 మి.మీ. అయితే ఆ 12 కూడా గొట్టంలోంచే పోవాలి. కోత 77 అవుతుంది. ఫ్లాంజ్ యోక్ ఎత్తులో తేడా ఉంటే అదీ కలపాలి. లెక్క కాగితం మీద గీసి, ప్రతి ముక్క పొడవు రాసి టర్నర్ చేతికివ్వండి. నోటిమాటగా చెప్పిన కొలతకు జవాబుదారీ ఎవరూ ఉండరు.

ఫోర్ వీల్ జీపులో ఇంకో మెలిక ఉంది. బాక్సు పొడవు పెరిగితే, ముందు వెనక ఇరుసులకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక్కి జరుగుతుంది. వెనక షాఫ్ట్ ఎంత పొట్టిదవుతుందో ముందు షాఫ్ట్ దాదాపు అంత పొడుగు కావాలి. పాత గొట్టానికి ముక్క అతికించి పొడిగించడం ఊళ్ళో మామూలైపోయింది. ఒప్పుకోవద్దు. ముందు షాఫ్టుకు పూర్తి కొత్త గొట్టమే వేయించాలి.

కోణాలు

షాఫ్ట్ షాపుల్లో ఎవరూ అడగని ప్రశ్న ఇది. నిజానికి వాళ్ళు అడగాల్సిన పనీ కాదు, బండి వాళ్ళ దగ్గర ఉండదు కాబట్టి. గేర్‌బాక్స్ ఎక్కించే మేస్త్రీ చూడాలి. ఆయనా చూడకపోతే మీరే చూసుకోవాలి.

క్రాస్ జాయింటు ఒక కోణంలో తిరిగేటప్పుడు అవతలి వైపు వేగం సమంగా ఉండదు, ఒక్క చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. రెండో చివర ఉన్న జాయింటు అదే కోణంలో ఉంటే ఆ హెచ్చుతగ్గుల్ని సరిచేస్తుంది. అందుకే గేర్‌బాక్స్ గీతా పినియన్ గీతా సమాంతరంగా ఉండాలి. రెండు చివర్ల పని కోణాల మధ్య తేడా ఒక డిగ్రీ మించకూడదు. ఉదాహరణకు బాక్సు వెనక్కి 3 డిగ్రీలు వాలింది, షాఫ్ట్ 5.5 డిగ్రీలు వాలింది. ముందు జాయింటు కోణం 2.5. పినియన్ మూతి 3 డిగ్రీలు పైకి చూస్తుంటే వెనక జాయింటు కోణమూ 2.5. బాగుంది. కొత్త క్రాస్ మెంబర్‌ను తోచిన ఎత్తులో వెల్డ్ చేసి బాక్సు తోకను ఇంకో డిగ్రీ దించారనుకోండి, ముందు కోణం ఒకటిన్నర దగ్గరికి పడిపోయి వెనకది అక్కడే ఉంటుంది. సరిహద్దు మీద నిలబడ్డట్టు.

కోణం సున్నా అయితే ఇంకా మంచిది కదా అనుకుంటారు. కాదు. కనీసం అర డిగ్రీ లేకపోతే క్రాస్ కొసలకుండే కప్పుల్లోని సూది రోలర్లు కదలవు, ఒకేచోట ఒత్తుకుని క్రాస్ మీద గాట్లు పడతాయి. పైపక్కన 3 డిగ్రీల లోపు ఉంటే జాయింటు ఎక్కువ కాలం బతుకుతుంది. షాఫ్టులు చేసే స్పైసర్ కంపెనీ పట్టిక ప్రకారం గరిష్ఠం 5,000 ఆర్‌పీఎం దగ్గర మూడుంబావు డిగ్రీలు, 3,500 దగ్గర 5, 2,500 దగ్గర 7. పొట్టి జీపుల్లో షాఫ్టే పొట్టి, దాన్ని ఇంకా కోస్తే వాలు ఇంకా పెరుగుతుంది. పినియన్ ఒక పక్కకు జరిగి ఉన్న హౌసింగు అయితే పక్క కోణం కూడా కలుస్తుంది: నిలువులో 4, అడ్డంలో 3 ఉంటే జాయింటు నిజంగా పనిచేసేది 5 డిగ్రీల మీద. పక్క నుంచి మాత్రమే చూసి సరే అనుకున్న బండ్లలో క్రాసులు తొందరగా పోవడానికి కారణం ఇదే.

కొలవడానికి అయస్కాంతం ఉన్న డిజిటల్ యాంగిల్ గేజ్ చాలు. లేత్ పట్టిన ముఖాల మీదే పెట్టాలి: బాక్సు వెనక ఫ్లాంజ్, పినియన్ ఫ్లాంజ్. పోత కేసు మీద, పెయింటు మీద, ఆయిల్ పాన్ మీద పెడితే వచ్చేది అంకె మాత్రమే, కోణం కాదు. ఫోన్ యాప్ వాడితే సన్నటి చదును బద్ద అడ్డం పెట్టండి, ఫోన్ కవరు అంచే అర డిగ్రీ తినేస్తుంది. సరిచేయడానికి ముందు దారి బాక్సు మౌంటింగ్ కింద ప్యాకింగు. చాలకపోతే కమాన్ కట్టకూ హౌసింగ్ సీటుకూ మధ్య వాలుగా ఉండే వెడ్జ్ ప్లేటు. ఆ ప్లేటు ఉక్కుదే కావాలి, అల్యూమినియం ప్లేటు మన రోడ్ల మీద నలిగి పగులుతుంది. దాంతోపాటు సెంటర్ బోల్టూ పొడవుది వేయాలి, లేకపోతే తల సీటులో కూర్చోదు.

లేత్ మీద

ఊరికి నాలుగున్నర మార్కులు వచ్చింది ఇక్కడే. రాతి లారీలు, ట్రాక్టర్లు, ట్రిప్పర్లు తిరిగే జిల్లా కదా, షాఫ్ట్ మీద చేయి తిరిగిన టర్నర్లకు కొదవ లేదు.

మంచి టర్నర్ గొట్టాన్ని మధ్యలో కోయడు. ముందుగా గొట్టం పొడవునా ఒక యోక్ చెవి నుంచి ఇంకో యోక్ చెవి దాకా స్కేలు ఆనించి గీత గీస్తాడు, రెండు యోకుల మీదా పంచ్ కొడతాడు. తర్వాత లేత్‌లో పట్టి ఒక చివర పాత వెల్డును పార్టింగ్ టూలుతో మెల్లగా తీస్తాడు. గొట్టం మందం వరకే దిగాలి, లోపలున్న యోక్ మెడను టూలు కొరకకూడదు. గొట్టం తెగిన క్షణం సన్నటి రింగు విడిపడి యోక్ మీద వదులుగా తిరుగుతుంది. అక్కడ ఆపేసే చేయే చేయి. యోకును తట్టి బయటికి తీసి, గొట్టాన్ని కావాల్సిన పొడవుకు చదునుగా కోసి, అంచుకు వాలు పెట్టి, యోకును మళ్ళీ బిగువుగా నొక్కుతాడు. సుత్తితో కొట్టకుండానే జారిపోయేంత వదులుంటే ఆ యోక్ ఆ గొట్టానిది కాదు. లోపల షిమ్ముల రేకు చుట్టి కూర్చోబెట్టే షెడ్డులో షాఫ్ట్ వదలకండి.

గీత ఎందుకంటే, రెండు యోకుల చెవులు ఒకే వరుసలో రావాలి. కొన్ని డిగ్రీలు తప్పినా రెండు జాయింట్ల హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. జారే స్ప్లైన్ మధ్యలో ఉన్న షాఫ్టులో ఇంకో ప్రమాదం ఉంది: గ్రీజు పెట్టడానికి విప్పి మళ్ళీ దూర్చేటప్పుడు ఒక పల్లు తప్పి దూరుస్తారు. రెండు బాణం గుర్తులు ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూడండి. గుర్తులు అరిగిపోతే విప్పే ముందే కొత్తవి పంచ్ చేయించండి.

గొట్టం కొత్తది కావాలంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ గొట్టమే అడగండి. పాత ఇనుప సామాన్ల దగ్గర దొరికే నీళ్ళ పైపు మందంగా ఉంది కదా అని వేసే వాళ్ళున్నారు. మందం చుట్టూ సమంగా ఉండదు, లోపల అతుకు గట్టు ఉంటుంది. జింకు పూత ఉన్నదైతే వెల్డులో బుడగలు వస్తాయి. దాన్ని ఏ బ్యాలెన్స్ యంత్రమూ కాపాడలేదు.

వెల్డింగు

మూడున్నర. తగ్గింది పూస అందం వల్ల కాదు, వరుస వల్ల. నాలుగు ఎదురెదురు చోట్ల చుక్క వెల్డ్ పెట్టి, డయల్ గేజ్ ఆనించి తిప్పి చూసి, ఎత్తున్న చోట తట్టి సరిచేసి, అప్పుడు చుట్టూ వేయాలి. చాలా షెడ్లలో ముందు చుట్టూ వేసేసి తర్వాత డయల్ తీస్తారు. వెల్డ్ చల్లారాక గొట్టం ఎటు లాగాలో అటు లాగేసి ఉంటుంది. మిగ్ (తీగ ఆగకుండా వచ్చే వెల్డింగు) ఉన్న చోటికే ఇవ్వండి. ఆర్క్ రాడ్డుతో వేయలేరని కాదు, ఒక్కో రాడ్డు మార్చినప్పుడల్లా ఆగి మొదలయ్యే చోట వేడి తేడా వస్తుంది, షాఫ్ట్ వంగుతుంది.

వెల్డ్ అయ్యాక డయల్ మీద ఒప్పుకోదగ్గ ఊగు ఇంత: స్ప్లైన్ మెడ మీద 0.13 మి.మీ., వెల్డు నుంచి 75 మి.మీ. లోపలికి 0.25, గొట్టం నడిమధ్యలో 0.38. ఇవి సూది మొత్తం తిరిగే అంకెలు. ఈ మూడు చోట్లా మీ కళ్ళ ముందే సూది చూపించమనండి. ఒప్పుకోని టర్నర్ ఎవరూ ఉండరు, అడిగేవాళ్ళే తక్కువ.

ఇంకో చిన్న సంగతి. క్రాసులు తీసేశాకే వెల్డింగు. ఎర్త్ క్లాంపు వెల్డు వేసే ముక్కకే పెట్టాలి. అవతలి ఫ్లాంజుకు పెడితే కరెంటు క్రాస్ సూదుల గుండా పోయి వాటి మీద చుక్కలు చుక్కలుగా కాల్చేస్తుంది. క్రాస్ అప్పుడే కొత్తది వేసి ఉంటుంది, నెల తిరక్కుండా టక్ టక్ మొదలవుతుంది, తిట్లు మాత్రం క్రాస్ కంపెనీకి. లేత్ మీదే వెల్డ్ చేసేటప్పుడు ఎర్త్ లేత్ బెడ్డుకు పెడితే స్పిండిల్ బేరింగులకూ ఇదే గతి. ఆ సంగతి మేస్త్రీలకు బాగా తెలుసు, లేత్ వాళ్ళదే కదా.

ఫ్లాంజులు, క్రాసులు

పినియన్ ఫ్లాంజు రంధ్రాలు కొత్త షాఫ్టుకు కలవకపోతే డ్రిల్లింగ్ మిషను మీద చేతి గుర్తుతో కొత్త రంధ్రాలు వేయడం తేలిక దారి, తప్పు దారి. ఫ్లాంజును నడిమధ్యకు తెచ్చేది బోల్టులు కాదు, మధ్యలో ఉన్న గుండ్రటి గట్టు. ఆ గట్టు ఎదుటి ముక్కలో బిగువుగా కూర్చోవాలి. వ్యాసం కలవకపోతే లేత్ మీద మధ్య ప్లేటు తిప్పించాలి, రెండు ముఖాలూ ఒకే పట్టులో. పినియన్ ఫ్లాంజునే మార్చేట్టయితే నట్టు విప్పే ముందు నట్టుకూ పినియన్ కొసకూ పంచ్ గుర్తు పెట్టించి, బయటికొచ్చిన మరలు లెక్కపెట్టించండి. లోపల నలిగే స్లీవ్ ఉన్న హౌసింగులో ఇంపాక్ట్ గన్‌తో బిగిస్తే బేరింగు బిగువు మితిమీరి క్రౌన్ పినియన్ ఊళ పెడుతుంది.

క్రాసులు, సెంటర్ బేరింగులు (రెండు ముక్కల షాఫ్టును మధ్యలో మోసేవి) కర్నూలులో మంచివే దొరుకుతాయి, ఫిర్యాదు లేదు. పాత యోకుకూ కొత్త యోకుకూ కప్పుల వ్యాసం తేడా ఉంటే రెండు సైజుల కప్పులున్న క్రాస్ కూడా అడిగి తెప్పించుకోవచ్చు. వెర్నియర్‌తో కప్పు వ్యాసం, సర్‌క్లిప్ నుంచి సర్‌క్లిప్ దూరం కొలిచి తీసుకెళ్ళండి, బండి పేరు చెప్పి కొనొద్దు. బిగించాక క్రాస్ చేతితో గట్టిగా తోస్తే నున్నగా కదలాలి. ఒకచోట పట్టేస్తే లోపల ఒక సూది పడిపోయి అడ్డంగా ఉన్నట్టే. గ్రీజు కొట్టినప్పుడు నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికి రావాలి. మూడింటి నుంచే వస్తే సరిపెట్టుకోవద్దు. ఫ్లాంజులకు హైటెన్షన్ బోల్టులు, 8.8కు తగ్గకుండా, లాక్ నట్లు కొత్తవి.

రెండు ముక్కల షాఫ్టున్న బండ్లలో ముందు ముక్కనే కోయించండి, సెంటర్ బేరింగ్ బ్రాకెట్టును కదపకండి. బ్రాకెట్టు ముందుకో వెనక్కో జరిపితే వెనక ముక్క కోణాలు మొదటి నుంచీ లెక్కేసుకోవాలి.

బ్యాలెన్సింగు

గొట్టం సన్నం, పొడవు ఎక్కువ అయితే కొన్ని వేగాల దగ్గర షాఫ్ట్ తనంతట తానే విల్లులా వంగుతుంది. బ్యాలెన్సు కంటే ముందు చూసుకోవాల్సింది ఇది. లెక్క కష్టమేం కాదు, కొలతలన్నీ మి.మీ.లో: బయటి వ్యాసం వర్గం, లోపలి వ్యాసం వర్గం కలిపి వర్గమూలం తీయండి, దాన్ని 12.1 కోట్లతో గుణించి జాయింట్ల మధ్య పొడవు వర్గంతో భాగించండి. రెండున్నర అంగుళాల గొట్టం, అంటే 63.5 మి.మీ., గోడ 2 మి.మీ., పొడవు 1,200 అయితే సుమారు 7,300 ఆర్‌పీఎం. అదే గొట్టం 1,500 అయితే 4,680. దాంట్లో ముప్పాతిక భాగాన్నే నమ్ముకోవాలి, అంటే 3,500. మూడంగుళాల గొట్టం వేస్తే 1,500 పొడవుకూ 5,600 దాటుతుంది.

ఆ 3,500 చాలా పెద్ద అంకె, అంత వేగం ఎప్పుడొస్తుంది లే అనుకోవద్దు. చక్రం ఒక చుట్టుకు 2.14 మీటర్లు పోయే టైరు, 4.1 క్రౌన్ (చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ 4.1 చుట్లు) ఉన్న బండిలో గంటకు 100 కి.మీ. దగ్గర షాఫ్ట్ 3,200 ఆర్‌పీఎం తిరుగుతుంది, 110 దగ్గర 3,500. పాత బాక్సులో నాలుగో గేరు నేరు గేరు, ఇంజిన్ ఎంతో షాఫ్ట్ అంత. కొత్త బాక్సు అయిదో గేరు 0.8 అయితే ఇంజిన్ 2,550లో ఉండగానే షాఫ్ట్ 3,200 చూస్తుంది. ఇంజిన్ మెత్తగా పోతోంది కదా అని తొక్కుతారు, కింద షాఫ్ట్ పాత రోజుల్లో ఎప్పుడూ చూడని వేగం చూస్తుంది. నాలుగు గేర్లప్పుడు లేని వణుకు అయిదో గేరుకు రావడానికి సగం కారణం ఇదే. "బాక్సులో తేడా ఉంది" అని బాక్సు దించే ముందు ఈ లెక్క వేయండి.

బ్యాలెన్సు ఎంత కచ్చితంగా కావాలి? ప్రొపెల్లర్ షాఫ్టులకు వాడే జి 16 గ్రేడు ప్రకారం, 8 కిలోల షాఫ్ట్ 3,500 ఆర్‌పీఎం తిరిగితే మూడంగుళాల గొట్టం మీద ఒక్కో కొసన మిగలదగ్గ తేడా సుమారు 4.6 గ్రాములు. లేత్ మధ్యలో పట్టి చేత్తో తిప్పి, బరువైన పక్క కిందికి వస్తోందా చూసి "బ్యాలెన్స్ అయిందన్నా" అనేవాళ్ళకు సున్నా మార్కులు అందుకే. ఆ పద్ధతి ఒక కొస బరువును రెండో కొస ఎదురు బరువుతో దాచేస్తుంది, తిరిగేటప్పుడు మాత్రం రెండూ చెరో పక్కకు లాగుతాయి.

యంత్రం ఉన్న షాపులో మూడు సంగతులు చూడండి. షాఫ్టును దాని ఫ్లాంజులతో, క్రాసులతో సహా ఎక్కిస్తున్నారా. రెండు కొసలకూ విడివిడిగా అంకె చూపిస్తున్నారా. ఎన్ని ఆర్‌పీఎం మీద తిప్పుతున్నారు. ఈ మూడింటికీ సూటిగా జవాబు వస్తే నాలుగు మార్కుల షాపు అదే. బరువు బిళ్ళలు గొట్టం చివరి వెల్డుకు దూరంగా, చిన్న చుక్క వెల్డుతో అతికించాలి. అయ్యాక షాఫ్టుకూ ఫ్లాంజుకూ కలిపి పెయింటు గీత గీయించుకుని, బండిలో అదే వరుసలో బిగించండి. గీత లేకపోతే నాలుగు బోల్టుల్లో ఏ వరుసలో కూర్చోబెట్టాలో ఎవరికీ తెలియదు.

యంత్రం పనిలో లేకపోతే షాఫ్టును ఆర్టీసీ కార్గోలో హైదరాబాదుకు వేయడం మేలు. జారే స్ప్లైన్ ఊడిపోకుండా తీగతో కట్టి, గుర్తులు పెట్టి పంపండి. రెండు రోజులు ఆలస్యమవుతుంది, అంతే.

నడిపి చూడటం

వెల్దుర్తి వైపు హైవే ఎక్కితే చాలు, పరీక్షకు అంతకంటే మంచి రోడ్డు అక్కర్లేదు. ముందు టైర్లు బ్యాలెన్స్ చేయించుకుని వెళ్ళండి, లేకపోతే టైరు తప్పు షాఫ్ట్ మీద పడుతుంది. ఫోనులో వైబ్రేషన్ యాప్ పెట్టి సీటు పట్టా మీద ఆనించి 60లో నిలకడగా పొండి. పైన చెప్పిన టైరు, క్రౌన్ అయితే 8 హెర్ట్జ్ దగ్గర దిమ్మ (గ్రాఫులో ఎత్తు) కనిపిస్తే చక్రాలు, 32 దగ్గర అయితే షాఫ్ట్ బ్యాలెన్సు లేదా వంపు, 64 దగ్గర అయితే కోణాలు లేదా చెవుల వరుస. 100లో ఇవే అంకెలు 13, 53, 106 అవుతాయి, కానీ చాలా ఫోన్లు 100 పైన సరిగ్గా పట్టవు, అందుకే 60లో చూడమంటున్నాం. యాప్ లేకపోయినా ఒక సూచన ఉంది. యాక్సిలరేటర్ తొక్కితే వణికి, వదిలితే తగ్గేది ఎక్కువగా కోణం. తొక్కినా వదిలినా అదే వేగం దగ్గర ఒకేలా గుయ్యిమనేది బ్యాలెన్సు. నిలబడ్డ బండి కదిలేటప్పుడు మాత్రమే దడదడ కొడితే కోణమో, సెంటర్ బేరింగ్ రబ్బరో.

32 దగ్గర దిమ్మ చిన్నదైతే మళ్ళీ దించక ముందు హోస్ క్లిప్పు పెట్టి చూడొచ్చు. వెనక కొస దగ్గర గొట్టాన్ని చాకుపీసుతో నాలుగు భాగాలు చేసి, క్లిప్పు మర తల ఒక్కో భాగం మీదికి తిప్పి బిగించి అదే రోడ్డు మీద అదే వేగంలో చూడాలి. తగ్గిన చోట ఇంకో క్లిప్పు కలిపి, రెండు తలల్ని కొద్దికొద్దిగా విడదీస్తూ పోతే ఒకచోట నిలుస్తుంది. ఆ చోటు గుర్తు పెట్టి షాపుకు తీసుకెళ్ళి బిళ్ళ వేయించండి. క్లిప్పును అలాగే వదిలేసి తిరగొద్దు, ఎండకు, దుమ్ముకు వదులై జారుతుంది.

డబ్బులు

బేరం ఒకే మొత్తంగా మాట్లాడొద్దు. కోత, కూర్పు ఒకటి. గొట్టం, క్రాసులు, బోల్టులు మీరే కొని ఇచ్చేట్టయితే అది వేరు. బ్యాలెన్సింగు వేరు, అంకె చూపించాకే ఇచ్చేట్టు. మొత్తం కలిపి మాట్లాడితే ముందుగా ఎగిరిపోయేది బ్యాలెన్సింగే, ఎందుకంటే పైకి కనిపించనిది అదొక్కటే. పాత యోకులు, కోసిన ముక్కలు తిరిగి అడిగి తీసుకోండి, కోత పొడవు నిజంగా 77 ఉందా 70 ఉందా ఆ ముక్కే చెబుతుంది.

కాగితాల మాట కూడా. గేర్‌బాక్స్ వరకే మారిస్తే ఆర్‌సీలో రాసిన వివరాలు మారవు. బాక్సుతోపాటు ఇంజినూ మారిస్తే మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 కిందికి వస్తుంది, ఆర్‌టీఏ అనుమతి, ఆర్‌సీలో నమోదు తప్పనిసరి. బాక్సూ ఇంజినూ జతగా అమ్మే వాళ్ళ దగ్గర కొనేటప్పుడు ఇంజిన్ నంబరు కాగితాలు అడిగి తీసుకోండి.

బండి ఇంటికొచ్చాక 500 కి.మీ. దగ్గర ఫ్లాంజ్ బోల్టులు మళ్ళీ బిగించి చూడాలి, మౌంటింగ్ రబ్బరు కూర్చుంటే కోణం మారుతుంది కాబట్టి గేజ్ ఇంకోసారి పెట్టాలి. మన దుమ్ములో స్ప్లైన్‌కూ క్రాసులకూ లిథియం ఇ.పి. 2 గ్రీజు ప్రతి 5,000 కి.మీ.కు. రేగడి చేలల్లో, వాన నీటి దారుల్లో దిగి వచ్చిన వారం అయితే అంతకంటే ముందే.